సున్నపురాయి కింది ఇసుకరాయి

కోదాడ నుంచి మేళ్లచెర్వు, హుజూర్‌నగర్ వైపు వెళ్తే సున్నపురాయి గనులూ సిమెంటు ఫ్యాక్టరీలూ వరసగా తగులుతాయి. కృష్ణకు అటూ ఇటూ పరుచుకున్న పల్నాడు బేసిన్ రాయి ఇది, కర్నూలు వర్గమనే పొరల గుంపుకు చెందినది. ధర పలికేది సున్నపురాయే అయినా నా మనసెప్పుడూ దాని అడుగునుండే బనగానపల్లె క్వార్ట్‌జైట్ మీదే. పాత భూఫలకాల సరిహద్దుల జాడ చెప్పే జిర్కాన్ గింజలు దొరికేది అలాంటి ఇసుకరాళ్లలోనే.

రాయిని దంచి, జల్లించి, చాటలో చెరిగినట్టు నీళ్లలో కడగాలి. తేలిక ఇసుక కొట్టుకుపోయి బరువు ఖనిజాలు మిగులుతాయి. అయస్కాంతానికి అంటుకునేవి తీసేశాక, మైక్రోస్కోపు కింద గింజగింజా ఏరాలి. ఒక్కోటి మిల్లీమీటరులో పదో వంతు. జిర్కాన్ పుట్టేటప్పుడు యురేనియాన్ని ఇముడ్చుకుంటుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. ఇప్పుడు లోపలున్న సీసం యురేనియం క్షీణించగా వచ్చిందే. ఆ లెక్క కడితే గింజను కన్న రాతి వయసు తెలుస్తుంది, ఆ రాయి ఏ దిక్కునుండేదో వెతకొచ్చు.

2015లో భూవిజ్ఞాని ఆలన్ కాలిన్స్ బృందం కడప బేసిన్ నుంచి 21 నమూనాలను ఇలా పరీక్షించింది. అడుగున ఉన్న పాపాఘ్ని వర్గంలోని గింజలు పడమటి ధార్వార్ నేలవి. నల్లమల వర్గానికొచ్చేసరికి దిక్కు మారింది, గింజలు తూర్పువి. వాటి వయసులు ఒంగోలు ప్రాంతపు రాళ్లతో కలిశాయి. దాదాపు 166 నుంచి 159 కోట్ల ఏళ్ల కిందట తూర్పున కొండలు లేస్తుంటే, వాటి ముందరి పల్లంలో నల్లమల ఇసుక పేరుకుందని వారి నిర్ధారణ. కృష్ణా ఒరోజెన్ అంటారు ఆ కొండల పట్టీని. ఉస్మానియా ప్రొఫెసర్ సి. లీలానందం, సహచరులు 2006లోనే ఆల్కలైన్ రాళ్ల వరుసను పట్టుకుని తూర్పు అంచున పాత ఫలకాల అతుకును గుర్తించారు. రెండు వేర్వేరు దారులు ఒకే దిక్కుకు చేరడం నాకెంతో సంతోషం.

వాటి పైనున్న మన కర్నూలు వర్గంలో మళ్లీ ధార్వార్ గింజలే. అలాగని అప్పుడు తూర్పున కొండల్లేవని తేల్చకూడదు. ఆ ఇసుక అటునుంచి రాలేదనే దానికి అర్థం. నాలుగు గింజలు చూసి తీర్పు చెప్పడమూ తగదు. ఇసుకలో నూటికి ఐదు వంతులకు మించిన ఏ వయసూ తప్పిపోలేదని 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే 117 గింజలు కావాలని వెర్మీష్ అనే పరిశోధకుడు 2004లో లెక్కగట్టారు.

కోదాడ, మిర్యాలగూడ కాలేజీల అధ్యాపకులకు నా మనవి ఒక్కటే. పిల్లలతో ఇసుకరాయి ముక్కలు సేకరింపజేయండి. ఏ ఊరు, ఏ పొర, దాని పైనా కిందా ఏ రాయుందో అక్కడికక్కడే రాయించండి. చిరునామా లేని ముక్క ప్రయోగశాలకు పనికిరాదు.