విషాన్ని పేగులోనే పట్టుకున్న పచ్చరంగు

ధర్మవరం, పెనుకొండ చుట్టుపక్కల శెనక్కాయ పైరుకు అసలు గండం కాయ ముదిరే వేళ వస్తుంది. అప్పుడు బెట్ట పడితే ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు కాయలోకి చొరబడుతుంది. అది వదిలే విషం అఫ్లటాక్సిన్. వేయించినా పూర్తిగా పోదు, బాగానే కనిపించే గింజలోనూ ఉండొచ్చు. కాలేయ క్యాన్సర్ తెస్తుందని తిరుగులేకుండా రుజువైన పదార్థం. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు అనంతపురం చేలల్లో దీని మీద చాలా పని చేశారు.

కాలేయానికి ఆకుమందు అనగానే మన వైపు నేల ఉసిరి పసరు గుర్తొస్తుంది. మొక్కల్లోని పదార్థం కాలేయ క్యాన్సర్‌ను చంపేసిందన్న వార్తలూ తరచూ వస్తుంటాయి. చాలావరకు అవి గాజు పళ్లెంలోని కణాల దగ్గరే ఆగిపోతాయి. 2001లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో ప్యాట్రీషియా ఎగ్నర్, జాన్ గ్రూప్‌మన్, థామస్ కెన్స్‌లర్ తదితరులు ప్రచురించిన పని అలాంటిది కాదు. దాని పనితనం కోసమే ఈ పరిచయం.

చోటు చైనాలోని చీడాంగ్. అక్కడి జనం తినే మొక్కజొన్నలో ఈ విషం ఉండేది, కాలేయ క్యాన్సర్ మరణాలు విపరీతం. మందు క్లోరోఫిల్లిన్. ఆకుల్లోని పత్రహరితం నుంచి మెగ్నీషియం తీసి రాగిని పెట్టి, నీళ్లలో కరిగేలా చేసిన పదార్థమిది. ఇది అఫ్లటాక్సిన్‌ను కౌగిలించుకుని పేగులోంచి రక్తంలోకి పోనివ్వదని ఆరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ట్రౌట్ చేపల మీద అప్పటికే చూశారు. ఆ చేపలకు ఈ విషమంటే అసలు పడదు, అందుకే వాటిని ఎంచుకున్నారు.

మరి మనుషుల్లో చూసేదెలా? క్యాన్సర్ రావడానికి దశాబ్దాలు పడుతుంది. అంతకాలం ఎవరు కాచుకుంటారు? వీళ్ల నేర్పంతా ఇక్కడే ఉంది. కాలేయంలోకి చేరిన అఫ్లటాక్సిన్ అక్కడి ఎంజైముల వల్ల చురుకెక్కి, డీఎన్‌ఏలోని గ్వానిన్‌కు అతుక్కుంటుంది. ఆ అతుకు ఊడినప్పుడు ముక్క మూత్రంలో బయటికొస్తుంది. అంటే కాలేయంలో ఎంత దెబ్బ తగులుతోందో సూది గుచ్చకుండానే లెక్కగట్టవచ్చు. 180 మంది ఆరోగ్యవంతులను చీట్లు తీసినట్టు రెండు వాటాలుగా పంచారు. ఒక వాటాకు 100 మిల్లీగ్రాముల క్లోరోఫిల్లిన్, రెండో వాటాకు ఉత్తుత్తి మాత్ర. రోజుకు మూడుసార్లు, భోజనంతో పాటు, నాలుగు నెలలు. భోజనంతో పాటే ఎందుకంటే, విషం వచ్చేది ఆ తిండితోనే కాబట్టి కాపలా కూడా అప్పుడే పేగులో ఉండాలి. మందు ఏ దారిన పనిచేస్తుందో ఆ దారిని బట్టే మోతాదు వేళను నిర్ణయించారు. క్లోరోఫిల్లిన్ తిన్నవారి మూత్రంలో ఆ ముక్క 55 శాతం తక్కువగా కనిపించింది.

నాకు మరింత నచ్చింది వాళ్ల నిగ్రహం. క్యాన్సర్ తగ్గిందని వాళ్లు అనలేదు. దెబ్బ గుర్తు తగ్గిందని, ముప్పు తగ్గించేందుకు ఇది ఒక దారి కావచ్చని మాత్రమే అన్నారు. కొలిచిందే చెప్పారు.

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌కు గూళ్లు తోలే రైతులకు ఇంకో ముచ్చట. చైనాలో క్లోరోఫిల్లిన్ తయారీకి కావాల్సిన పత్రహరితాన్ని పట్టుపురుగుల పెంట నుంచి కూడా తీస్తారు. పురుగు తిన్న మల్బరీ ఆకులోని పచ్చదనం చాలావరకు అరగకుండా దాని పెంటలోకి వస్తుంది. మన దగ్గర అది ఎరువు దిబ్బకు పోతోంది.

మళ్లీ చీడాంగ్ సంగతికొస్తే, అక్కడ కాలేయ క్యాన్సర్ మరణాలు బాగా తగ్గడానికి మాత్ర కారణం కాదు. 1980ల నుంచి జనం మొక్కజొన్న మాని వరి అన్నానికి మళ్లారు, విషం దానంతటదే తగ్గింది. ఈ విషానికి తోడు దొంగ ఇంకొకటుంది: కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్. అది ఉన్నవారికి అఫ్లటాక్సిన్ తోడైతే ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది.

క్లోరోఫిల్లిన్ జబ్బు ముదిరినవారికి మందు కాదు, దాన్ని నమ్ముకుని చికిత్స మానవద్దు. శెనక్కాయలు పీకగానే బాగా ఎండబెట్టండి. ముడతలు పడ్డ, బూజు పట్టిన గింజలను ఏరి పారేయండి, గానుగకు వేయకండి, ఆ చెక్క పశువులకు పెట్టకండి. తిన్న విషం పాలలోకీ వస్తుంది. పుట్టిన బిడ్డకు ఇరవై నాలుగు గంటల్లోపే హెపటైటిస్ బి టీకా వేయించండి.