అతిథి ప్రసంగం – కొలిమి పాఠం

విజయనగరంలో ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాల 2007లో వెలసినది. 2022లో అక్కడే గురజాడ పేరిట సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడినది. అదే జిల్లాలోని గరివిడిలో 1950వ దశకంలోనే ఫెర్రోమాంగనీసు పరిశ్రమ నెలకొన్నది. ఇటువంటి ప్రాంతంలో పరిశ్రమల నిపుణులను తరగతికి పిలవడం ఎంతైనా సమంజసం. అయితే ఆ ప్రసంగాల తీరు మాత్రం విమర్శకు తావిస్తున్నది.

తరచు అతిథి తన సంస్థ చరిత్ర చెబుతారు, ఉద్యోగావకాశాలు వివరిస్తారు. శాలువాతో, ఛాయాచిత్రంతో సభ ముగుస్తుంది.

మాంగనీసు ఆక్సైడును కర్బనం క్షయకరణం చేస్తుందని పుస్తకమే చెబుతుంది. వానకు తడిసిన ఖనిజాన్ని విద్యుత్ కొలిమిలో వేస్తే ఏమవుతుంది? నీరు ఒక్కసారిగా ఆవిరై, మండే పదార్థం పైకి చిమ్మవచ్చు; దగ్గరనున్న కార్మికుల ప్రాణానికే ముప్పు. ఖనిజం చాలినంత ఆరినదని ఎట్లా తెలుసుకోవాలో, ఏ సూచన కనిపిస్తే కొలిమిని ఆపాలో దాని వద్ద ఏళ్లతరబడి పనిచేసినవారు చెప్పగలరు. రేపు ఆ కొలిమికి బాధ్యుడు కాగల విద్యార్థికి కావలసినది ఆ పాఠమే.

కనీసం 15 సంవత్సరాల అనుభవంగల నిపుణులను, పట్టాల నిర్బంధం లేకుండ, ఆచార్యులుగా తీసుకోవచ్చునని విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం 2022లో అనుమతించినది. మంజూరైన పోస్టులలో 10 శాతానికి మించరాదు. కాని ఒక గంట ప్రసంగాన్ని చక్కదిద్దడానికి ఏ నిబంధనా అక్కరలేదు. వారం ముందే అధ్యాపకుడు ఒక నిజమైన చిక్కును విద్యార్థులకు ఇవ్వాలి. వారి సమాధానాలను అతిథి సరిచూడాలి; తమ కర్మాగారంలో జరిగిన పొరపాట్లనూ దాచక చెప్పాలి. పరీక్షలో దానిపై ఒక ప్రశ్న ఉండాలి. అప్పుడే అతిథి మాట పాఠమవుతుంది.