పక్కన కూర్చునే మనిషి

ఈ మధ్య వైవా తీసుకోవడానికి ఒక యూనివర్సిటీకి వెళ్తే, వాళ్ల పరికరాల గది చూపించారు. చెప్పులు బయట విప్పించి, తాళం తీయించి, ఏసీ వేసి, కాన్ఫోకల్ మైక్రోస్కోపు మీది కవరు ఎత్తారు. కోట్లతో మాట. బుకింగ్ రిజిస్టర్ తిరగేస్తే పేజీల కొద్దీ ఒకే సంతకం. “ఆ అమ్మాయికే బాగా వచ్చేదండీ. థీసిస్ ఇచ్చేసి వెళ్లిపోయింది” అన్నాడు తాళంచెవులాయన.

అదొక్కచోటి సంగతి కాదు. మైక్రోస్కోపు కొనడానికి గ్రాంటులో పద్దు ఉంటుంది. ఏటా నిర్వహణ ఒప్పందానికి (ఏఎంసీకి) కాళ్లావేళ్లా పడితే కొంత రాలుతుంది. పక్కన కూర్చుని నేర్పే మనిషికి మాత్రం ఏ పద్దూ ఉండదు. కంపెనీ ఇంజనీరు వచ్చి డెమో ఇచ్చి, ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో చెప్పి రైలెక్కేస్తాడు. ఎప్పుడు నొక్కకూడదో చెప్పేవాళ్లెవరు?

డిగ్రీ ప్రాక్టికల్స్‌లో ఉల్లి వేరు కొన నలిపి, రంగు వేసి, స్లైడు పెట్టి చూడమంటే కొత్త పిల్లలకు మొదట నచ్చేది గాలి బుడగ. గుండ్రంగా, దట్టమైన నల్లటి అంచుతో ముచ్చటగా ఉంటుంది మరి. అదే కణమనుకుని శ్రద్ధగా బొమ్మ వేస్తారు. పుస్తకంలో బొమ్మ ఉంది, బోర్డు మీదా ఉంది, అయినా సరే. ఎవరో ఒకరు వెనకనుంచి వంగి చూసి, “అది బుడగరా, స్లైడు కొంచెం ఎడమకు జరుపు, ఆ గీతల్లా ఉన్నవి క్రోమోజోములు” అనాలి. ఆ క్షణం దాటాక మళ్లీ వాళ్లు బుడగను కణమనుకోరు.

అలా చూపించిన మనిషిని వదిలేసి, రోనాల్డ్ రాస్ కథను మనం మరో రకంగా చెప్పుకుంటాం. సికింద్రాబాద్ ఉక్కపోతలో, గాలికి దోమలు ఎగిరిపోతాయని పంకా కూడా ఆపేయించి, చెమటకు మరలు తుప్పుపట్టిన మైక్రోస్కోపుతో, 1897 ఆగస్టు 20న దోమ పొట్టగోడలో మలేరియా పరాన్నజీవిని పట్టుకున్న ఒంటరి యోధుడు. అంతా నిజమే. కానీ ఆ ఒంటరితనానికి మూడేళ్ల ముందొక సంగతి ఉంది. ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ 1880లోనే మనిషి రక్తంలో ఈ పరాన్నజీవిని చూశాడు. భారతదేశంలో ఏళ్ల తరబడి డాక్టరు పని చేసిన రాస్‌కు అది కనిపించనే లేదు. 1894లో లండన్‌లో వైద్యుడు పాట్రిక్ మాన్సన్ ఆయన్ను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి, ఇదిగో, దీని గుర్తు ఈ నల్లటి రేణువులు అని చూపించాడు. సికింద్రాబాద్‌లో దోమ పొట్టలో కనిపించిన గుండ్రటి కణాలను రాస్ వదిలిపెట్టకపోవడానికి కారణం వాటిలోని ఆ నల్లటి రేణువులే. ఆ తర్వాత కూడా మాన్సన్‌కు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి చర్చించాడు. రాస్ పనిచేసిన బేగంపేటలోని భవనం ఇప్పుడు ఉస్మానియా యూనివర్సిటీ చేతిలో ఉంది. మాన్సన్ సంగతి కూడా అక్కడికి వచ్చే విద్యార్థులకు చెప్పాలని నా కోరిక.

మనిషి నుంచి మనిషికి అందే విద్యలో మొదటి మెట్టు దీపం సర్దుకోవడం. జర్మనీలో ఆగస్ట్ కోలర్ 1893లో చెప్పిన పద్ధతినే ఇప్పటికీ వాడుతున్నాం. దీపం దగ్గరి డయాఫ్రమ్ మూస్తే చీకట్లో పలుకోణాల వెలుగు మచ్చ ఒకటి మిగులుతుంది. కండెన్సర్‌ను మెల్లగా పైకీ కిందికీ కదుపుతుంటే ఒకచోట ఆ మచ్చ అంచు తేటపడుతుంది. రెండు మరలతో దాన్ని నడిమికి తెచ్చి, అంచు కనుమరుగయ్యేదాకా డయాఫ్రమ్ తెరవాలి. నిమిషం పని. ఈ నిమిషం ఎవరూ నేర్పక, మసక బొమ్మలతోనే పీహెచ్‌డీ పూర్తిచేసినవాళ్లు నాకు తెలుసు.

మా పాత ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపుకు మెర్క్యురీ బల్బు ఉండేది. ఆయుష్షు సుమారు 200 గంటలు. వెలిగిస్తే అరగంటదాకా ఆర్పకూడదు, ఆర్పితే చల్లారేదాకా మళ్లీ వెలిగించకూడదు. అందుకని స్కాలర్లంతా ఒకరి వెనక ఒకరు స్లాట్లు పెట్టుకుని, ముందువాళ్లు లేచేదాకా గదిలోనే కాచుకునేవాళ్లు. కాచుకున్నవాళ్లు ఊరుకుంటారా? తెర మీదికి తొంగి చూస్తారు. “ఆకు కోత మెరుస్తోందని సంబరపడకు, క్లోరోఫిల్ తనంతట తనే ఎర్రగా మెరుస్తుంది. రంగు వేయని స్లైడు చూశావా?” అని వృక్షశాస్త్రం అమ్మాయి బయోకెమిస్ట్రీ అబ్బాయిని అడగడం నేను విన్నాను. ఏ వర్క్‌షాపులోనూ అంత సూటిగా చెప్పరు. తర్వాత ఎల్‌ఈడీ వచ్చింది, మీట నొక్కితే చాలు. మంచిదే. కాచుకోవడం పోయింది, దాంతోపాటు ఆ తొంగిచూపులూ పోయాయి.

లండన్‌లో 1865లో మొదలైన క్వెకెట్ మైక్రోస్కోపికల్ క్లబ్బు వాళ్లు ఉపన్యాసాల రోజులు కాక, కబుర్లకే ప్రత్యేకంగా సమావేశాలు పెట్టుకునేవాళ్లు. ఎవరి స్లైడు వాళ్లు తెచ్చుకోవడం, ఒకరిది ఒకరు చూడటం, అంతే. అమెరికాలో వుడ్స్ హోల్‌లోని జీవశాస్త్ర ప్రయోగశాల కోర్సుల్లో కంపెనీలవాళ్లే సరికొత్త పరికరాలు తెచ్చి, విద్యార్థుల పక్కన కూర్చుంటారు. బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో జరిగే మైక్రోస్కోపీ కోర్సుకు సీటు దొరికితే మన పిల్లలూ వెళ్తారు. వెళ్లొచ్చినవాళ్లను గుర్తుపట్టడం తేలిక. బొమ్మ బాగుందనే ముందు, ఎక్స్‌పోజర్ ఎంత పెట్టారని అడుగుతారు. అలా తిరిగొచ్చినవాళ్లను గది మధ్యలో కూర్చోబెట్టే ఏర్పాటు మన దగ్గర లేదు. ఎవరి గైడు ల్యాబులో వాళ్లు, ఎవరి బీరువాకు వాళ్ల తాళం.

మేము మాత్రం శుక్రవారాలు సాయంత్రం గది తెరిచి ఉంచడం మొదలుపెట్టాం. ఏ విభాగం వాళ్లైనా రావచ్చు, బాగా రాని బొమ్మ ఒకటి తేవాలి. మొదట్లో టీ కోసమే వచ్చారనుకుంటాను. ఇప్పుడు జియాలజీవాళ్లు రాతిముక్కల పలుచని కోతలు పట్టుకొస్తున్నారు, పోలరైజర్ ఎలా తిప్పాలో జువాలజీవాళ్లు వాళ్ల దగ్గర నేర్చుకుంటున్నారు. దీన్నంతా నడిపిస్తున్న టెక్నికల్ అసిస్టెంటుది కాంట్రాక్టు ఉద్యోగం, ఏడాదికోసారి పొడిగింపు. వచ్చే పద్దుల మీటింగులో కొత్త కెమెరా వద్దు, ఆ పోస్టు పర్మినెంటు చేయండని రాసిచ్చాను. కెమెరా అడిగితే రేపే వస్తుంది కదండీ, దాన్నే అడగండి అంటున్నారు ఆఫీసువాళ్లు.