క్రిస్మస్ ప్రేమకథలు: ఊరు ఎవరిది?

మా బడిలో చదువుకుని అమెరికా వెళ్ళిన శిష్యుడొకడు మొన్న సెలవులకు వచ్చినప్పుడు మాటల మధ్య ఒక సంగతి చెప్పాడు. డిసెంబరులో ఆఫీసులు ఖాళీ అయ్యాక గదిలో ఒక్కడే కూర్చుని హాల్‌మార్క్ చానెల్ వాళ్ళ క్రిస్మస్ ప్రేమకథలు వరసపెట్టి చూస్తాడట. అన్నీ ఒకటే కథ అని వాడికీ తెలుసు. మరెందుకురా చూడడం అంటే, ఆ ఊళ్ళో రొట్టెల దుకాణం వాడు కూడా మనిషిని పేరు పెట్టి పిలుస్తాడు మాస్టారూ అన్నాడు. పదేళ్ళుగా అక్కడున్నవాడు. ఉద్యోగం పోతే 60 రోజుల్లో మరో కొలువు చూసుకోవాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. ఆ వీసా మీద బతుకుతున్నవాడు. ఆ మాట విన్నాక ఈ చిత్రాలను పలాయనవాదమని ఒక్క ముక్కలో తోసెయ్యడం నాకు సాధ్యం కాలేదు.

నేనూ నాలుగైదు చూశాను. ఇతివృత్తం చెప్పడానికి ఎంతోసేపు పట్టదు. పట్నంలో ఉద్యోగం తప్ప మరేమీ లేని యువతి కంపెనీ పని మీద ఒక చిన్న ఊరికి వస్తుంది. తరచుగా ఆ పని అక్కడి పాత సత్రాన్ని కొనడమో, దుకాణాన్ని మూయించడమో. ఊళ్ళో భార్య పోయిన వడ్రంగి ఒకడుంటాడు, కాదంటే క్రిస్మస్ చెట్లు పెంచే రైతు. ఆమెకు జీతముంది, ఊరు లేదు. అతనికి ఊరుంది, తోడు లేదు. నడుమ ఒక అపార్థం. దాన్ని తీర్చడానికి ఏ తెల్లగడ్డం ముసలాయనో, మహిమగల గంటో వస్తుంది. చివర మంచు కురుస్తుంది, ముద్దు పెట్టుకుంటారు.

హాల్‌మార్క్ 1910లో కాన్సస్ సిటీలో కార్డుల వ్యాపారంగా పుట్టిన కంపెనీ. దాని చానెల్ 2009 నుంచి ఏటా పండుగ ముందు ఈ చిత్రాలను ఒక వరసగా విడుదల చేస్తోంది. వీటిలో చాలావాటిని తీసేది కెనడాలో, తరచుగా ఎండాకాలంలో, నకిలీ మంచు పోసి. మంచు నకిలీదని నేను తప్పు పట్టడం లేదు. ఫ్రాంక్ కాప్రా 'ఇట్స్ ఏ వండర్‌ఫుల్ లైఫ్' చిత్రాన్ని 1946 వేసవిలో తీసిందీ నకిలీ మంచులోనే. అదీ చిన్న ఊరి కథే, అందులోనూ ప్రేమ ఉంది, దేవదూత కూడా ఉన్నాడు. అయితే ఆ మహిమ చేత కాప్రా ఏ పని చేయించాడో చూడాలి.

బెడ్‌ఫర్డ్ ఫాల్స్ అనే ఆ ఊళ్ళో జార్జి బెయిలీ ఒక పొదుపు సంఘం నడుపుతాడు. సభ్యులు దాచుకున్న సొమ్మే సభ్యుల ఇళ్ళకు అప్పు. అది లేకపోతే జనం పాటర్ అనే ధనికుడి అద్దె కొంపల్లో మగ్గాలి. జార్జికి ఊరంటే వల్లమాలిన ప్రేమ ఏమీ లేదు, ఎప్పుడు వదిలిపోదామా అనే చూస్తుంటాడు. బ్యాంకుల మీద నమ్మకం పోయి జనం సంఘం మీద పడిన రోజున, సొమ్ము పెట్టెలో ఉండదనీ పక్కవాడి ఇంటి గోడల్లో ఉందనీ వాళ్ళకు నచ్చజెబుతాడు. తెలుగులో ఎన్ని అర్థశాస్త్ర వ్యాసాలు చదివినా ఇంత సులువుగా నాకు బోధపడలేదు. అప్పుడు కొత్త పెళ్ళికూతురు మేరీ విహారయాత్రకు దాచుకున్న 2,000 డాలర్లు తీసి జనం ముందు పెడుతుంది. ఈ కథలో ప్రేమ వచ్చి ఊరి పనిలో ఇలా కలుస్తుంది.

సంఘం సొమ్ము 8,000 డాలర్లు పోయి, జార్జి చావడానికి సిద్ధపడినప్పుడు దేవదూత వస్తాడు. వచ్చి డబ్బు ఇవ్వడు. జార్జి పుట్టకపోతే ఊరు ఎలా ఉండేదో చూపిస్తాడు, అంతే. మనిషి చేసిన పని మనిషికి కనబడడం లేదు గనుక దాన్ని కనబడేలా చెయ్యడమే అక్కడ మహిమ. డికెన్స్ 1843లో రాసిన 'ఏ క్రిస్మస్ కారల్' లోనూ అంతే. దయ్యాలు చూపించినవన్నీ చూశాక స్క్రూజ్ చేసిన పనుల్లో ఒకటి, వారానికి 15 షిల్లింగులకు పనిచేసే గుమాస్తాకు జీతం పెంచడం.

హాల్‌మార్క్ ఊళ్ళో సత్రం ఎందుకు మూతపడబోతోందో ఎవరూ అడగరు. ఆ దుకాణంలో పనిచేసేవాడి కూలి ఎంతో తెలియదు. మహిమే ఆ లెక్కలన్నీ తీర్చేస్తుంది.

కాప్రా చిత్రంలోనూ చివర చందాలే కదా అని ఎవరైనా అనవచ్చు. చందా ఇచ్చేవాళ్ళు ఎవరన్నది ముఖ్యం. ఆ సంఘం వల్ల నిలబడ్డవాళ్ళు వచ్చి పాత రుణం తీర్చుకుంటున్నారు. పైగా పోయిన 8,000 పాటర్ దగ్గరే ఉండిపోతుంది, ఎవరూ పట్టుకోరు. బ్యాంకరును ఇలా చూపించడాన్ని అమెరికా ఎఫ్.బి.ఐ. 1947లో కమ్యూనిస్టు పోకడగా రాసుకుంది. నిజానికి కాప్రా అంత దూరం వెళ్ళలేదు. ఒక మంచివాడు, ఒక చెడ్డవాడు అన్నంతవరకే అతని చూపు. జార్జి లేని లోకంలో మేరీ పెళ్ళి లేకుండా గ్రంథాలయంలో ఉద్యోగం చేసుకోవడాన్ని ఘోరమైన దుర్గతిగా చూపడమైతే నాకు బొత్తిగా మింగుడుపడలేదు.

అయినా ఆ ఊళ్ళోకి పరాయివాడు ఎలా చేరతాడో కాప్రాకు తెలుసు. అతనూ చిన్నతనంలో సిసిలీ నుంచి ఓడ ఎక్కి వచ్చినవాడే. ఇటలీ నుంచి వచ్చిన మార్టినీ కుటుంబం పాటర్ అద్దె కొంప వదిలి సొంత ఇంటికి మారుతుంది, పిల్లలతోపాటు మేకను కూడా కారులో ఎక్కించుకుని. వాళ్ళను ఆ ఊరివాళ్ళను చేసింది అప్పు పత్రం, నాలుగు గోడలు. హాల్‌మార్క్ ఊళ్ళో అయితే ముద్దు చాలు. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి దాదాపు 7 శాతమే అన్న నియమం కింద వరసలో నిలబడ్డవాడికి ఆ ముద్దు ఎంత తీపిగా ఉంటుందో నేను ఊహించగలను.

వాడికి కాప్రా చిత్రం చూడమని చెప్పి పంపాను. చూసి ఫోన్ చేశాడు. దేవదూత గురించి ఒక్క మాటా లేదు. ఆ మేకవాళ్ళ ఇంటి అప్పు ఎన్నేళ్ళకు తీరుతుంది మాస్టారూ అని మాత్రం అడిగాడు.