ప్రవాహ ఛాయాచిత్రంలో కాలం: దీర్ఘ ఎక్స్‌పోజర్‌పై ఒక విమర్శ

1. ఉపోద్ఘాతం

షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచి తీసిన ఛాయాచిత్రాల్లో పారే నీరు పట్టువస్త్రంలాగానో, పొగమంచులాగానో కనిపిస్తుంది. కంటికి ఎన్నడూ అలా కనిపించని ఈ నీటిని కొందరు అసత్యమని నిరసిస్తారు. మరికొందరు కవితాత్మకమని మెచ్చుకుంటారు. ఆ చిత్రం ఏ కాలాన్ని చెబుతున్నదనే ప్రశ్నను ఇరువర్గాలూ వేయడం లేదు. తెలుగు వ్యాకరణంలోని తద్ధర్మార్థక భావన ఆధారంగా ఆ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. అనివార్యత నుంచి ఎంపికకు

19వ శతాబ్దిలో నీటి మసక చాలావరకు ఛాయాగ్రాహకుడు కోరుకున్నది కాదు. తడి కొలోడియన్ ప్లేట్లు కాంతిని మందంగా గ్రహించేవి. ఎక్స్‌పోజర్ సాధారణంగా సెకన్ల కొద్దీ సాగేది. తిమోతీ ఓ'సల్లివన్ 1874లో అమెరికాలోని ఐడహోలో, స్నేక్ నదిపై తీసిన షోషోన్ జలపాత చిత్రాల్లో బండలు స్పష్టంగానూ, నీరు తెల్లని తెరగానూ కనిపించడానికి కారణం ఇదే. నేడు ఆ నిర్బంధం లేదు. సెకనులో వెయ్యోవంతు కాలంలో తుంపరను గాలిలోనే నిలపవచ్చు. కాంతిని సుమారు వెయ్యోవంతుకు తగ్గించే పది స్టాపుల న్యూట్రల్ డెన్సిటీ ఫిల్టర్‌ను తగిలిస్తే, సెకనులో 30వ వంతు సరిపోయే చోట సుమారు 30 సెకన్లు కావలసివస్తుంది. సాధనం విధించిన మసక ఇప్పుడు ఛాయాగ్రాహకుని నిర్ణయమైంది. కనుకనే అది విమర్శకు లోబడుతుంది.

3. ‘పారెను’, ‘పారును’

చిన్నయసూరి బాలవ్యాకరణం భూత, భవిష్యద్, వర్తమానార్థకాలతో పాటు తద్ధర్మార్థకాన్నీ పేర్కొన్నది. ‘పారెను’ జరిగిపోయిన ఘటన. ‘పారును’ నీటి స్వభావం. ‘నీరు పల్లమెరుగు’ అనే లోకోక్తిలోని క్రియ ఏ ఒక్క రోజుకూ చెందదు.

తుంపరను నిలిపిన చిత్రం భూతార్థకానికి దగ్గరిది. వేగంగా పారే వాగును పావు సెకను నుంచి ఒక సెకను వరకు గ్రహించినప్పుడు నీటి పాయలు దారాలుగా సాగుతాయి. రాతిని చుట్టుకునే దిశ, సుడి తిరిగే చోటు తెలుస్తాయి. విడి బిందువు కనిపించకపోయినా పారడం కనిపిస్తుంది. దీనిని తద్ధర్మార్థక చిత్రమనవచ్చు. కాలాన్ని నిమిషాలకు పొడిగిస్తే ఆ దారాలు ఒకదానిపై ఒకటి పడి చెరిగిపోతాయి. అప్పుడు క్రియ లోపించి ‘తెలుపు’ అనే నామం మాత్రమే మిగులుతుంది.

నామంగా మిగలడం అన్నివేళలా దోషం కాదు. మైకేల్ కెన్నా నలుపు-తెలుపు చిత్రాల్లో దీర్ఘ ఎక్స్‌పోజర్ వల్ల చదునైన నీటి నడుమ గుంజలు నిలిచి ఉంటాయి. అక్కడ వస్తువు నిశ్శబ్దం. నీరు దానికి ఆధారం మాత్రమే. అదే పద్ధతిని వరదనదికి యథాతథంగా వర్తింపజేస్తే వేగం, బురద, ప్రమాదం మూడూ అదృశ్యమవుతాయి. కాలుష్యపు నురుగు సైతం అందమైన మంచుగా మారుతుంది.

4. చెరిగిపోయేది ఎవరు?

ఈ సమస్య నీటితోనే ముగియదు. 1838లో దగేర్ తీసిన పారిస్ వీధి చిత్రంలో నడిచేవారు, బండ్లు నమోదు కాలేదు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ నిలిచిన మనిషి ఆకారం మాత్రం మిగిలింది. దీర్ఘ ఎక్స్‌పోజర్ నిలిచినదానికి సాక్ష్యమిస్తుంది, కదిలేదానిని మినహాయిస్తుంది. స్నానఘట్టాన్ని కొన్ని నిమిషాల పాటు చిత్రిస్తే మెట్లు మిగులుతాయి. బట్టలు ఉతికేవారు, వల విసిరేవారు మసకబారుతారు, లేదా పూర్తిగా మాయమవుతారు. నదిని చిత్రాల ద్వారానే ఎరిగిన విద్యార్థికి అది మనుషులు లేని, బరువు లేని నదిగా పరిచయమవుతుంది. దృశ్యాన్ని పాఠంగా బోధించే అధ్యాపకులు ఈ మినహాయింపును కూడా చదివించాలి.

5. ముగింపు

దీర్ఘ ఎక్స్‌పోజర్ అసత్యం కాదు. అది మరొక కాలార్థం. అయితే 30 సెకన్ల మొత్తాన్ని నీటి స్వభావంగా ప్రకటించే ముందు, ఆ మొత్తంలో ప్రవాహదిశ, బలం, దానిపై ఆధారపడిన జీవనం మిగిలాయా అని పరీక్షించాలి. ఎంతసేపు షట్టర్ తెరవాలన్నది సాంకేతిక నిర్ణయమే కాదు, నది గురించి ఏ వాక్యం చెప్పదలచామన్న నిర్ణయం కూడా.