ముంపు ఇంటి గుమ్మం దాకా

శ్రీశైలం జలాశయంలో మునిగిన సంగమేశ్వరాలయం ఎండాకాలం నీళ్లు తగ్గగానే బయటపడుతుంది. వెళ్లి దణ్ణం పెట్టుకుని వస్తాం. అమెరికాలో సౌత్ కరొలైనా కొండల మధ్య ఉన్న జొకాసీ జలాశయంలో ఆ వీలు లేదు. విద్యుత్తు కోసం 1973లో ఆనకట్ట కట్టి నింపాక, అక్కడ మునిగింది మునిగినట్టే ఉంది. చూడాలంటే మనమే దిగాలి.

130 అడుగుల కింద మౌంట్ కార్మెల్ బాప్టిస్ట్ చర్చి శ్మశానం ఉంది. 1972లో వచ్చిన 'డెలివరెన్స్' సినిమాలో ఒక సన్నివేశం తీసింది అక్కడే. ఆనకట్ట ముంచబోయే లోయ కథ అది. తీసిన చోటూ మునిగింది! ఇంకా కిందికి, సుమారు 300 అడుగుల లోతున అట్టకుల్లా లాడ్జ్. 2004లో డైవర్లు వెతికి పట్టుకునేసరికి ఆ కొయ్య కట్టడం నిలబడే ఉంది. సముద్రంలో అయితే ఓడపురుగులు తొలిచేసేవి. వాటిలో దాదాపు ఏవీ మంచినీళ్లలో బతకవు. పైగా అక్కడ ఎండ తగలదు, అల తాకదు, చలి తగ్గదు.

ఆ చలి మాట చెప్పాలి. వేసవిలో పైనీళ్లు గోరువెచ్చగా ఉంటాయి. కొంత దిగాక, గడప దాటినట్టు, ఒక్కసారిగా మంచునీళ్లు తగులుతాయి. అందుకే ఒంటికి నీరంటని డ్రై సూట్ వేసుకుంటారు. 300 అడుగుల దగ్గర ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి పదింతలు. పైన పది నిమిషాలు వచ్చే గాలి అక్కడ ఒక్క నిమిషమే. అదీ మామూలు గాలైతే నైట్రోజన్ కల్లు తాగినట్టు మత్తెక్కిస్తుంది, ఆక్సిజనేమో విషమై మూర్ఛ తెప్పిస్తుంది. ఆ రెండింటినీ తగ్గించి హీలియం కలుపుతారు. కానీ హీలియం ఒంటి వేడిని లాగేస్తుంది. కాబట్టి పీల్చడానికి అది, సూట్‌లో నింపుకోవడానికి వేరే సిలిండర్‌లో ఆర్గాన్!

ఇవన్నీ డబ్బిస్తే దొరికే సరంజామా. అసలు విద్య కాళ్లలో ఉంది. ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డి మీద కాలికి తొడుక్కున్న ఫిన్‌ను ఒక్కసారి కిందికి కొడితే చాలు, చేతిలోని లైటు కూడా కనిపించదు. అందుకని మోకాళ్లు మడిచి, కప్ప ఈదినట్టు నీటిని వెనక్కి మాత్రమే నెడతారు. కాస్త లేవాలంటే నిండుగా ఊపిరి తీస్తారు, దిగాలంటే వదులుతారు. వెనక రీలు నుంచి సన్నటి తాడు పరుచుకుంటూ వస్తుంది. నీళ్లు మసకబారితే బొటనవేలూ చూపుడువేలూ సున్నాలా చుట్టి, దాన్నే తడుముకుంటూ తిరిగి రావాలి. ఇంత శ్రమలోనూ ఆ లాడ్జ్ గోడను తాకకుండా చూసుకుంటారు. నాకు ముచ్చటేసేది అదే. ముంపు ఊళ్ల మీద ఇంతటి మర్యాద ఒడ్డున ఉండేవాళ్లలో అరుదు.

అడుగున పావుగంట గడిపితే పైకి రావడానికి గంట దాటుతుంది. ఒంట్లో కరిగిన వాయువు నెమ్మదిగా బయటికి పోవాలి మరి. తొందరపడితే అది నెత్తురులో బుడగలు కడుతుంది. మజిలీ మజిలీకి ఆగుతూ, చలికి కొంకర్లు పోయిన వేళ్లతో గడియారం చూసుకుంటూ వేలాడాల్సిందే. జొకాసీ నిండితే నీటిమట్టం సముద్రమట్టానికి 1,110 అడుగుల ఎత్తులో ఉంటుంది. గాలి ఒత్తిడి తక్కువ కనుక సముద్రపు లెక్కలు అక్కడ పనికిరావు. తేలాక కూడా వెంటనే కారెక్కి నార్త్ కరొలైనా కొండదారి పట్టకూడదు. ఎత్తుకు పోయేకొద్దీ మిగిలిన వాయువు మళ్లీ బుడగలు కట్టవచ్చు. అందుకే సామాను సర్దేసి కూడా, కొండ ఎక్కాల్సినవాళ్లు ఒడ్డునే కాలక్షేపం చేస్తారు.