ఆశ్రయం - దృష్టి: రాజా దీన్‌దయాళ్ కట్టడాల ఛాయాచిత్రాలు

ఆశ్రయం పొందిన కళాకారుడు తన దృష్టిని ఎంతవరకు నిలుపుకోగలడన్న ప్రశ్న తెలుగు సాహిత్య విమర్శకు కొత్తది కాదు. శ్రీనాథుని రాజాశ్రయాన్నీ, పోతన నరాంకిత విముఖతనూ ఎదురెదురుగా నిలిపి చర్చించే సంప్రదాయం మనకున్నది. అయితే ఈ ద్వంద్వం కట్టడాల ఛాయాచిత్రకళకు యథాతథంగా వర్తించదు. ఆశ్రయం లేకున్నా కవి కావ్యం రాయగలడు. ఛాయాచిత్రకారునికి రాజభవనంలోనికి ప్రవేశమే యజమాని అనుమతితో లభిస్తుంది. గాజు పలకలు, రసాయనాలు, బరువైన కెమెరా, వాటిని మోసే మనుషులు - అన్నీ ధనసాధ్యాలే. కనుక ఇక్కడ అడగవలసినది ఆశ్రయం ఉన్నదా లేదా అని కాదు. అప్పగించిన పనిలో చిత్రకారునికి మిగిలిన చోటు ఎంత, దానిని ఆయన ఎలా వాడుకున్నాడు అని. సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ (1844-1905) కృషి ఈ పరిశీలనకు తగిన ఆధారం.

మీరట్ సమీపంలోని సర్ధనాలో జన్మించిన దీన్‌దయాళ్ రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో అంచనాలు, నక్షాలు తయారుచేసే ఉద్యోగం చేశారు. కట్టడాన్ని అలంకారంగా గాక నిర్మాణంగా చూసే అలవాటుకు ఈ శిక్షణ పునాది. కెమెరాను పైకి వంచితే గోడలు శిఖరం వద్ద ఒకదానివైపు ఒకటి వాలినట్లు కనిపిస్తాయి. కెమెరాను నిటారుగా ఉంచి కటకాన్ని మాత్రమే పైకి జరిపితే ఆ దోషం తొలగుతుంది. నక్షా గీసిన చేతికి ఈ నియమం సహజంగా అబ్బుతుంది. కాని ఇది కౌశలం మాత్రమే, దృష్టి వేరు.

1882-83లో సర్ లెపెల్ గ్రిఫిన్‌తో కలసి ఆయన మధ్య భారతంలో పర్యటించారు. గ్వాలియర్, ఖజురహో, ఓర్ఛా, దతియా, సాంచి కట్టడాల చిత్రాలు 1886లో గ్రిఫిన్ పేరుతో గ్రంథంగా వెలువడ్డాయి. వ్యాఖ్యానం పాలకునిది, చిత్రం దీన్‌దయాళ్‌ది. పురావస్తు చిత్రాలలో మనిషిని కొలబద్దగా నిలపడం నాటి ఆనవాయితీ. దీన్‌దయాళ్ చిత్రాలలో పలుచోట్ల ఆ మనిషి కొలబద్దగానే మిగిలిపోడు. కట్టడం శిథిలమైనా దానికి ఇంకా మనుషులతో సంబంధం ఉన్నదని సూచిస్తాడు. అప్పగించినవారు ఇది కోరలేదు, వద్దనీ అనలేదు. దృష్టికి దొరికిన చోటు అదే.

ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థానంలో పరిస్థితి మారింది. 1894లో ‘రాజా బహాదుర్ ముసవ్విర్ జంగ్’ బిరుదు లభించింది. ఫలక్‌నుమా వంటి భవనాలను చిత్రించేటప్పుడు యజమాని వైభవమే విషయం. దీపవృక్షాలు, ఆసనాలు, తివాచీలు సమంగా అమరిన గదులలో కెమెరా లోపరహితంగా పనిచేసింది. కాని మధ్య భారత చిత్రాలలోని మనిషి ఇక్కడ తెరమరుగయ్యాడు. ఈ చిత్రాలను కేవలం ప్రశంసించే విమర్శ కౌశలాన్నే దృష్టిగా భ్రమిస్తున్నది. ఆశ్రయం ఉదారమైనంత మాత్రాన చోటు విశాలం కాదు. ఈ సందర్భంలో అది కుదించుకుపోయింది.

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశం ఉంది. స్టూడియోలో కుమారులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్‌లతోపాటు సహాయకులెందరో పనిచేశారు. 1896లో బొంబాయిలోనూ శాఖ వెలిసింది. అలాంటప్పుడు ప్రతి చిత్రాన్నీ ఒకే వ్యక్తి దృష్టికి ఆపాదించగలమా? ఆపాదించలేము. అందువల్ల తరువాతి చిత్రాల విషయంలో ‘దీన్‌దయాళ్’ అన్న పేరును కర్తృనామంగా గాక ఒక పనితీరుకు గుర్తుగా గ్రహించడమే సమంజసం. పై వాదానికి దీనివల్ల హాని లేదు. ఎవరి చేయి మీట నొక్కినా, చిత్రంలో ఏది చేరాలో ఏది చేరకూడదో నిర్ణయించిన షరతులు అవే.

నిజాం కాలపు హైదరాబాదును గురించిన మన ఊహలో అధికభాగం ఇటువంటి చిత్రాలు కల్పించినదే. చరిత్ర గ్రంథాలలో వీటిని సాక్ష్యాలుగా ముద్రించేటప్పుడు ఎవరి కోరికపై, ఎవరి కోసం తీసినవో కూడా చెప్పడం అవసరం. కావ్య పీఠికలో కృతిభర్త పేరు ప్రత్యక్షంగా ఉంటుంది; ఛాయాచిత్రానికి అవతారిక లేదు. ఆ లోపాన్ని పూరించవలసిన బాధ్యత పరిశోధకునిది. అప్పుడే చిత్రంలో యజమాని కోరినది ఏది, చిత్రకారుడు అదనంగా చేర్చినది ఏది అన్న వివేచన సాధ్యమవుతుంది.